ముదీర్ అవుటైన శుక్రవారం

నేను క్రికెట్ ఆడిన మనిషిని కాదు. నరసరావుపేటలో కాలేజీ చదివే రోజుల్లో స్కూటర్ మీద నుంచి పడి కుడి మోకాలు పాడు చేసుకున్నాను. పరుగెత్తలేను గాని ఎంతసేపైనా నిలబడగలను. 2002లో దుబాయ్ వెళ్లి, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక సరుకు రవాణా కంపెనీ గోడౌన్‌లో గుమాస్తాగా చేరాక, ఆ నిలబడగలగడమే నన్ను అంపైర్‌ని చేసింది.

మా గోడౌన్ మనుషులందరూ కంపెనీ క్యాంపులోనే ఉండేవాళ్లు. ఆఫీసు పని చేసే మాకు అదే ఆవరణలో ఇంకో బ్లాకు. క్యాంపు వెనకాల గట్టిపడిన ఇసుక నేల ఉండేది. దాని మధ్యలో ఎవరో ఎప్పుడో పోసిన సిమెంటు పట్టీ, పైన పరచడానికి కొబ్బరి పీచు చాప. శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టి జుమ్మా నమాజు వేళకు ముగించేవాళ్లు. జట్టులో పాకిస్తాన్ వాళ్లు, మలయాళీలు, శ్రీలంక వాళ్లు, మన తెలుగువాళ్లు కలిసి ఉండేవాళ్లు. కెప్టెన్ సియాల్‌కోట్ నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్. ఒక శుక్రవారం అంపైర్‌గా ఉన్నవాణ్ణి ఉన్నట్టుండి డ్యూటీకి పిలిస్తే, గట్టున నిలబడి చూస్తున్న నన్ను కెప్టెన్ చెయ్యూపి పిలిచాడు. ఆ వారం నుంచి అంపైర్ తెల్లటోపీ నాదే అయింది. నిబంధనల పుస్తకం తెప్పించుకుని పరీక్షకు చదివినట్టు చదివాను.

స్కోరు రాసేది చాచా. ఆయన మా కంపెనీలో టైమ్‌కీపర్. హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, తెల్లగడ్డం, అరవైకి దగ్గర పడిన వయసు. ఉర్దూ ఇంటి భాష అయినా తెలుగు చక్కగా మాట్లాడేవాడు. మా ఆఫీసు బ్లాకులో నాకు తెలుగు వినబడాలంటే సాయంత్రం ఆయన గది ముందు కూర్చోవడమే దారి.

మా పై అధికారి ఇంగ్లండు మనిషి. మేనేజరుకి అరబ్బీలో ఉన్న మాట పట్టుకుని అందరం ఆయన్ని ముదీర్ అనేవాళ్లం. చెడ్డవాడు కాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కాకపోతే మా కంపెనీలో ఎవరి జీతమెంతో చెప్పడానికి వాళ్ల పాస్‌పోర్టు రంగు చూస్తే చాలు. అది ఆయన పెట్టిన పద్ధతి కాదు, ఆయన మార్చాలనుకున్నదీ కాదు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

2005 చలికాలం ముందు ముదీర్ మా కెప్టెన్‌ని, నన్ను తన గదికి పిలిచాడు. ఇంగ్లండులో తను కుర్రతనంలో ఆడిన క్లబ్బు జట్టు ఎండ కోసం దుబాయ్ టూరు వస్తోందట. వచ్చేది ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు. అయినా ఆ క్లబ్బుకు చాలా పాత చరిత్ర ఉందట. ఊరి చివర గడ్డి మైదానం ఉన్న ఒక క్లబ్బులో వాళ్లు మాతో ఒక మ్యాచ్ ఆడతారు. తెల్ల బట్టలు కంపెనీ కుట్టిస్తుంది.

"నేను మాత్రం వాళ్ల వైపు ఆడతాను. పాత బాకీ" అని నవ్వాడు ముదీర్.

ఆ సాయంత్రం చాచాకి ఈ సంగతి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "టూరా?" అన్నాడు. ఆ మాట ఆయన ఇంట్లో పాత మాట.

"మా తాత సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ల దొరలకు బౌలింగ్ చేసెటోడు. నౌకరీ అదే. పొద్దుగాల నెట్ల కాడికి పోవాలె, ఆఫీసర్లు బ్యాట్ పట్టుకొని వస్తరు, వాళ్లకు బాల్ ఏస్తనే ఉండాలె. విలాయత్ నుంచి టూరు జట్టు వస్తే వాళ్లకు గూడ ఈయననే. అండ్ల పెద్ద పెద్ద ఆటగాళ్లను నెట్ల అవుట్ చేసిండట. మ్యాచ్ నాడు మాత్రం తాడుకు బయట కూసునెటోడు."

"బ్యాటింగ్?"

"ఎవరిస్తరు బేటా? బాల్ మనం ఏయాలె, ఉరికి తెచ్చి ఇయ్యాలె. బ్యాట్ వాళ్లది. మన రాజులు, నవాబులు ఆడిన్రు, అది వేరే ముచ్చట. బొంబాయిల అయితే దొరలకొక జట్టు, పార్సీలకొకటి, హిందువులకొకటి, మనోళ్లకొకటి. అట్ల ఇడగొట్టి ఆడించిన్రు." గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని అన్నాడు. "ఒక్క పని మాత్రం మా తాతకు ఎన్నడు చెప్పలే. అంపైరింగ్. నల్లోడు వేలెత్తితే దొర బయటికి నడవాలె కద. అది వాళ్లకు ఎట్ల కుదురుతది?"

ఆయన మాటల్లో కోపం లేదు. వాళ్ల తాత పొలం అమ్ముకున్న సంగతి చెప్పినట్టే ఇదీ చెప్పాడు.

మ్యాచ్ నాడు కంపెనీ బస్సులో వెళ్లాం. బూట్లతో గడ్డి మీద నడవడం మా వాళ్లలో చాలామందికి అదే మొదలు. కడప నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఒకతను ఎడమ చేత్తో నెమ్మదిగా స్పిన్ వేసేవాడు. అతను కూర్చుని పిచ్‌ని అరచేత్తో తడిమి, "అన్నా, ఇది మెత్తగుండాది. బంతి లేయదేమో" అన్నాడు నాతో.

టాస్‌కి ముందే చిన్న చిక్కు వచ్చింది. టూరు జట్టు కెప్టెన్ డెబ్బై దగ్గరలో ఉన్న పెద్దమనిషి. ఎర్రటి ముఖం, చాలా మర్యాద. నన్ను చూసి, "మా అంపైర్లు ఇద్దరూ మాతోనే వచ్చారు. మీరు శ్రమపడక్కర్లేదు. హాయిగా కూర్చుని చూడండి" అన్నాడు.

నేను ముదీర్ వైపు చూశాను. ఆయన చేతికున్న గ్లౌజు సరిచేసుకుంటున్నాడు. మా కెప్టెన్‌కి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా విషయం అర్థమైంది. ముందుకొచ్చి ఒక వేలు వాళ్ల వైపు, ఒక వేలు నా వైపు చూపించి, "వన్ యువర్, వన్ అవర్" అన్నాడు. పెద్దమనిషి కాస్త తడబడి, సరే, సరే, అందులో ఏముంది అన్నాడు. అలా నేను ఒక కొసన, వాళ్ల మనిషి ఒక కొసన నిలబడ్డాం. ఆయన రిటైరైన బడిపంతులు. పొడుగ్గా, వంగినట్టుండేవాడు. ఓవర్ మారినప్పుడల్లా ఎండ గురించో, తన మనవల గురించో ఒక మాట చెప్పి పోయేవాడు.

మా వాళ్లు ముందు బ్యాటింగ్ చేసి పరువు దక్కేన్ని పరుగులు చేశారు. జుమ్మా కోసం విరామం ఇచ్చారు. నమాజుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి భోజనాలు. వచ్చిన అతిథులకు క్లబ్బు లోపల, మాకు కార్లు ఆపేచోట పక్కన షామియానా కింద. లోపలికి సభ్యులు, వాళ్ల అతిథులు మాత్రమే వెళ్లాలని క్లబ్బు నియమమట. టూరు జట్టు అతిథులు. మేమేమిటో నియమాల్లో లేదు. పంతులుగారు నన్ను మెట్ల దాకా పిలుచుకెళ్లాడు. తలుపు దగ్గర పనిచేసే మలయాళీ నన్ను పక్కకు తీసుకెళ్లి, "చేట్టా, అన్నా, నీకు కూడా అక్కడే" అన్నాడు చాలా ఇబ్బందిగా. అతని చెయ్యి తట్టి షామియానాకి వచ్చేశాను. అక్కడ బిర్యానీ బాగుంది. మా వాళ్లెవరూ దీన్ని పట్టించుకున్నట్టు కనబడలేదు. కెప్టెన్ మాత్రం తినలేదు. బాటిల్ నీళ్లు తాగి, ప్యాడ్ల సంచీ మీద తల పెట్టుకుని పడుకున్నాడు.

అప్పుడే పెద్దమనిషి పలకరించడానికి షామియానాలోకి వచ్చాడు. అందరికీ తలా ఒక రంగుల పుస్తకం ఇచ్చాడు. వాళ్ల క్లబ్బు చరిత్ర. మధ్యలో ఒక పాత ఫోటో ఉంది. వాళ్ల తాతల కాలంలో ఆ క్లబ్బు హిందూదేశం టూరు వెళ్లినప్పుడు తీసింది.

"మా తాతగారు ఇదిగో, కుర్చీలో" అని చూపించాడు. "మీ దేశంలో తమను ఎంత ప్రేమగా చూసుకున్నారో చచ్చేదాకా చెప్పేవారు."

చాచా కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కుర్చీల్లో ఒక వరస, వెనక నిలబడి ఒక వరస, అందరూ తెల్లవాళ్లే. వాళ్లందరి పేర్లూ కింద అచ్చు వేశారు. ముందు నేల మీద తలపాగాలతో ఇద్దరు నల్లటి మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకతని చేతిలో బంతి.

"వీళ్లిద్దరు ఎవరు సార్?" అని చాచా ఇంగ్లీషులో అడిగాడు.

పెద్దమనిషి వంగి చూశాడు. ఎన్నోసార్లు చూసిన ఫోటోను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నాకు తెలియదండీ. నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. తర్వాత, "మా ఊళ్లో పాత కాగితాలు ఉన్నాయి. వెళ్లాక వెతికిస్తాను" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక నేను చాచాని, మీ తాతేమోనని అడగబోయాను. అడగకముందే ఆయన, "కాదు. మా తాత మూతికి గాటుండేది. అయినా ఎవరికో తాతే కద" అని పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాడు.

రెండో పూట వాళ్ల బ్యాటింగ్. ముదీర్ నాలుగో మనిషిగా వచ్చాడు. బాగా ఆడాడు. ఆయన అలా ఆడగలడని మాకు తెలియదు. ఆట వాళ్ల చేతిలోకి పోతున్నప్పుడు కడప అతను నా కొస నుంచి బౌలింగ్‌కి వచ్చాడు. ఒక బంతి తిరగకుండా నేరుగా, కిందుగా వెళ్లింది. ముదీర్ కాలు ముందుకు వేసి ఆడబోయాడు. బంతి ప్యాడ్‌కి తగిలింది. మా వాళ్లంతా నా వైపు తిరిగి గొంతెత్తారు.

ఆ క్షణంలో నాకు చాచా తాత గుర్తొచ్చాడని చెబితే అది అబద్ధం. నాకు కనిపించింది మూడు వికెట్లు, ఆయన కాలు, ఆ కాలు వెనక మధ్య వికెట్. ఆయన సంతకం లేనిదే నా వీసా రెన్యూ కాదన్న సంగతి కూడా ఆ తర్వాతే గుర్తుకొచ్చింది. వేలెత్తాను.

ముదీర్ కదల్లేదు. నా వైపు చూశాడు, బ్యాట్ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. నేను చెయ్యి దించలేదు. ఆయన బ్యాట్ చంకలో పెట్టుకుని నడిచాడు. దూరంగా స్కోరు రాస్తున్న చాచా లేచి నిలబడి ఉన్నాడు. ఓవర్ మారినప్పుడు పంతులుగారు నా పక్కన ఆగి, "నేను నిలబడ్డచోటు నుంచి ఏమీ తెలియదు. కాని నువ్వు చెయ్యి దించకపోవడం నాకు నచ్చింది" అన్నాడు.

ఆట చివరికొచ్చేసరికి వాళ్లకు ఆఖరి జోడీ మిగిలింది, కొద్ది పరుగులు కావాలి. మా ఫాస్ట్ బౌలర్ నా కొస నుంచి వేసిన బంతి బ్యాట్ పక్కనుంచి కీపర్ చేతుల్లో పడింది. అందరూ కేకలు వేశారు. కీపర్ అప్పటికే బంతి గాల్లోకి విసిరేశాడు. నాకు ప్యాడ్‌కి తగిలిన చప్పుడు మాత్రమే వినబడింది. బ్యాట్స్‌మన్ తన చోటు నుంచి కదలకుండా నన్నే చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. మరుసటి బంతిని అతను తాడు దాటించాడు. వాళ్లు గెలిచారు.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. కెప్టెన్ కిటికీలోంచి చూస్తూ ఎవరితోనూ కాదన్నట్టు, "నౌకరీ సబ్‌కో ప్యారీ హై" అన్నాడు. ఉద్యోగమంటే ఎవరికి తీపి కాదు మరి, అని. ముదీర్‌కి అవుటిచ్చి, ఆ తప్పు దిద్దుకోవడానికి ఆఖర్లో వాళ్లను గెలిపించానని వాళ్ల అనుమానం. చాచా ఏదో అనబోతే నేనే వద్దన్నాను. బస్సు దిగేటప్పుడు కడప అతను ఒక్కడే నా దగ్గరికొచ్చి, "తిన్నావా అన్నా?" అని అడిగి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున ముదీర్ పిలిచాడు. తలుపు వేయమన్నాడు.

"ఆ బంతి వికెట్లు దాటి పక్కకు పోయేదని నాకనిపించింది" అన్నాడు.

"నాకు మధ్య వికెట్‌కి తగిలేదనిపించింది సార్."

"అంత ఖాయంగా?"

"ఖాయం కాకపోతే ఇచ్చేవాణ్ణి కాను సార్."

పెన్ను బల్ల మీద పెట్టాడు. "మా నాన్న ఉండి ఉంటే, అంపైర్ చెప్పాక నిలబడినందుకు నన్ను కొట్టేవాడు" అన్నాడు. తర్వాత ముఖం కాస్త మార్చుకుని, "నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆఖర్న క్యాచ్. అది బ్యాట్‌కి తగిలిందట. రాత్రి బారులో ఆ బ్యాట్స్‌మనే చెప్పాడు, నవ్వుకుంటూ. నేను నవ్వలేదు. నీకు తెలియాలని చెబుతున్నాను" అన్నాడు.

మధ్యాహ్నం గోడౌన్‌లో అందరూ టీకి కూర్చున్న చోటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. తగిలిందట, నాకు వినబడలేదు, అతనికి తెలుసు, అయినా నిలబడ్డాడు. ఇంకేమీ కలపలేదు.

కెప్టెన్, "ఉస్‌కో మాలూమ్ థా?" అని అడిగాడు. వాడికి తెలుసా, అని. తెలుసన్నాను. అతను టీ గ్లాసు నా ముందుకు జరిపాడు.

చాచా మెల్లగా అన్నాడు. "మా తాత చెప్పెటోడు, దొర అవుటైతే తనంతట తానే నడిచిపోతడని. ఎన్నడన్న చూసినవా అని అడిగితే, నేను తాడుకు బయట ఉన్న గద, ఏం కనబడ్తది అనెటోడు."

ఆ తర్వాత నా మీద కోపం పోయింది. అది ఆ గడ్డి మైదానం క్లబ్బు మీదికి మళ్లింది. షామియానా సంగతి అప్పుడు బయటికొచ్చింది. బిర్యానీ తిన్నవాళ్లందరికీ ఆ రోజే అది గుచ్చుకుందట. ఎవరికి వాళ్లు తమకొక్కరికే అనుకున్నారు. కెప్టెన్ నన్ను వెంటబెట్టుకుని ముదీర్ దగ్గరికి వెళ్లాడు. అతను ఉర్దూలో చెప్పాడు, నేను ఇంగ్లీషులో చెప్పాను. వచ్చే ఏడు టూరు జట్టు వస్తే ఆడతాం. మా మైదానంలో. భోజనం మా మెస్సులో, అందరూ ఒకేచోట. కాదంటే ఖలాస్, మ్యాచ్ లేదు.

ముదీర్ మెడ ఎర్రబడింది. "ఆ క్లబ్బుతో నేను మాట్లాడి ఉండాల్సింది" అని మాత్రం అన్నాడు. సరేనని మా షరతులు ఇంగ్లండుకి రాసి పంపాడు.

ఆ మరుసటి వేసవిలో చాచాకి అరవై నిండి వీసా అయిపోయింది. ఎయిర్‌పోర్టుకి మేం పదిమందిమి వెళ్లాం. స్కోరు రాయడం మలయాళీ అకౌంటెంటుకి అప్పజెప్పి వెళ్లాడు.

2006 చలికాలంలో టూరు జట్టు మా క్యాంపుకి వచ్చింది. బస్సు దిగి ఇసుక నేల, సిమెంటు పట్టీ మీద చాప చూసి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చాప మీద బంతి గడ్డం దాకా లేస్తుంది. ఇద్దరు ముగ్గురికి వేళ్లు వాచాయి. ఎవరూ గొణగలేదు. క్యాచ్ దగ్గర కదలకుండా నిలబడినతను ఆ ఏడు రాలేదు. పంతులుగారు వచ్చాడు, మళ్లీ ఇద్దరం చెరో కొసన నిలబడ్డాం. ఆ రోజు మాకు ఒక్క గట్టి అప్పీలు కూడా రాలేదు.

పెద్దమనిషి చాచా కోసం చూశాడు. వెళ్లిపోయాడని చెబితే బాధపడ్డాడు. పాత కాగితాలన్నీ వెతికించాడట. ఆ ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు. సామాన్ల ఖర్చు కింద వాళ్ల కూలి మాత్రం రాసి ఉందట. అది చెప్పేటప్పుడు నేల చూపులు చూశాడు. ఆ వారం చాచాకి ఫోన్ చేసి చెప్పాను. "ఎతికిండా? మాట అన్నంక ఎతికిండు. మంచిగైంది" అన్నాడు. ఆ పైన మాటలన్నీ ఆయన చిన్న కూతురి పెళ్లి గురించే.

మెస్సులో వంట చేసేది కరీంనగర్ మనిషి. కారం తగ్గించమని ముదీర్ చెప్పి పంపితే, "తగ్గించిన సార్" అని తల ఊపాడు గాని తగ్గించలేదు. పొడుగాటి బల్లల మీద స్టీలు కంచాల్లో పప్పు, కోడికూర, రొట్టెలు. ఇంగ్లండు వాళ్లు కన్నీళ్లు కారుస్తూ తిన్నారు. మా కెప్టెన్, పెద్దమనిషి పక్కపక్కన కూర్చుని ఒకరి భాష ఒకరికి రాకపోయినా చాలాసేపు మాట్లాడుకున్నారు. బంతి ఎలా పట్టుకోవాలో ఒక ఉల్లిపాయతో చూపించుకున్నారు. తిన్నాక ఎవరి కంచం వాళ్లు కడుక్కోవాలని మెస్సు పద్ధతి. ముదీర్‌తో సహా అందరూ కుళాయి దగ్గర వరసలో నిలబడ్డారు. ఆ క్యాంపులో అన్నేళ్లు అధికారిగా ఉండి, ఆయన మా మెస్సులో తినడం అదే మొదలు.

మ్యాచ్ రెండోసారీ వాళ్లే గెలిచారు. ఈసారి గెలుపు గురించి ఎవరికీ అనుమానం లేదు. మా ఫీల్డింగ్ అంత ఘోరంగా ఉంది. అతిథులు బస్సెక్కే ముందు మా కెప్టెన్ తన జట్టుని అక్కడే నిలబెట్టి తిట్టాడు. పంజాబీలో తిట్టిన తిట్లు తనకు అర్థం కాకపోయినా పెద్దమనిషి నవ్వాపుకోలేకపోయాడు.

జీతాలు మాత్రం పాస్‌పోర్టును బట్టే ఉన్నాయి. ఆ మాట ముదీర్‌తో ఎవరం ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. 2008 చివర్లో పనులు మందగించినప్పుడు కంపెనీ ముందుగా పంపేసినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. ఆయన జీతం ఎక్కువ కాబట్టి. కెప్టెన్ ఖతార్ వెళ్లాడు. కడప అతను ఊరెళ్లి సొంతానికి ట్రాక్టర్ కొనుక్కున్నాడు. మైదానానికి కంచె వేసి ఖాళీ కంటైనర్లు పేర్చారు. నేను ఇంకొన్నాళ్లు అక్కడే ఉన్నాను. శుక్రవారం పొద్దున్నే మెలకువ వచ్చేది. పనేమీ లేక బట్టలు ఉతుక్కునేవాణ్ణి.